ఆవర్తన పట్టిక బట్టీ కోసం పుట్టలేదు

ప్రతి జూన్‌లో ఇంటర్ ఫస్టియర్ క్లాసులు మొదలవగానే ఎవరో ఒక తల్లో తండ్రో నన్ను ఆపి అడుగుతారు: "సార్, మావాడికి 118 మూలకాలూ నోటికి రావట్లేదు. సీఈసీలోకి మార్చేద్దామా?" పాపం, వాళ్ల టెన్షన్ నిజమైనదే. బట్టీ పట్టకపోతే కెమిస్ట్రీ రాదని వాళ్లకి నూరిపోసినవాళ్ల మీదే నాకు కోపం.

అపోహ: పట్టిక మొత్తం అప్పజెప్పగలిగితేనే కెమిస్ట్రీ వస్తుంది.

వాస్తవం: విడివిడిగా గుర్తుపెట్టుకునే బాధ తప్పించేదే పట్టిక. 1860లలో సెయింట్ పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీలో రష్యన్ రసాయన శాస్త్రవేత్త మెండలీఫ్ విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకం రాస్తున్నాడు. అప్పటికి తెలిసిన మూలకాలు 63. దేని తర్వాత దేన్ని చెప్పాలి? ఆ చిక్కు విప్పుకుంటూ వాటిని పరమాణు భారాల వరసలో పేరిస్తే, గుణాలు కొంత దూరానికోసారి తిరిగి వస్తున్నాయి. లిథియం, సోడియం, పొటాషియం మూడూ నీటితో చర్య జరుపుతాయి, మూడింటి ఆక్సైడ్ ఫార్ములా ఒకే తీరు. ఒకదాన్ని బాగా చదివితే మిగతా రెండూ సగం వచ్చినట్టే.

పట్టికలో అల్యూమినియం కుటుంబంలో దాని తర్వాతి చోటు ఖాళీగా వదిలి, అక్కడికి రావాల్సినదానికి "ఏక-అల్యూమినియం" అని పేరు పెట్టాడు. ఆ "ఏక" సంస్కృతం నుంచి తీసుకున్నదే. భారం 68 దగ్గర, సాంద్రత 5.9 దగ్గర ఉంటుందని రాశాడు. 1875లో ఫ్రాన్స్‌లో లెకాక్ ద బ్వాబోద్రాన్ ఆ చోటుకు సరిపోయే గాలియం కనిపెట్టి సాంద్రత 4.7 అన్నాడు. ఆ లోహాన్ని కళ్లతో చూడని మెండలీఫ్, కొలత సరిచూసుకోమన్నాడు. శుద్ధి చేసి మళ్లీ కొలిస్తే 5.9! ఎన్నేళ్లుగా ఈ పాఠం చెబుతున్నా ఇక్కడికి వచ్చేసరికి నాకు ఒళ్లు జలదరిస్తుంది. బట్టీతో ఇది జరిగేదా?

మిగతా అపోహలు గబగబా చెబుతాను. పట్టిక కలలో కనిపించిందన్నది ఒక స్నేహితుడు చెప్పిన కథ. ఇరవై ఏళ్లుగా ఆలోచిస్తున్నానని మెండలీఫే చెప్పుకున్నాడు. ఆయన ఒక్కడే కనిపెట్టాడనడమూ సరికాదు. డోబరైనర్ త్రికాలు (ఒకే తీరు మూలకాల మూడేసి గుంపులు), న్యూలాండ్స్ అష్టకాలు (ప్రతి ఎనిమిదో మూలకానికీ గుణాలు తిరిగి రావడం) అంతకు ముందువే, లోథర్ మేయర్ అదే కాలంవాడు. హీలియం గుంటూరులో దొరికిందంటారు. 1868 గ్రహణం రోజు జాన్సెన్ గుంటూరులో సూర్యుడి అంచు జ్వాలల వర్ణపటం చూసిన మాట నిజమే. సూర్యుడి వెలుగులోని పసుపు గీత కొత్త మూలకానిదని చెప్పింది లాకియర్. భూమి మీద ఆ వాయువును పట్టింది 1895లో రామ్సే.

ఒక ఏడాది ఒక అమ్మాయి పట్టిక అప్పజెప్పలేక క్లాసులోనే ఏడ్చేసింది. సాయంత్రం పాత శుభలేఖలు ముక్కలు చేసి, వెనకవైపు పేరు, భారం, గుణాలు రాసి పేర్చమన్నాను. చకచకా పేర్చుకుంటూ పోయి టెల్లూరియం, అయోడిన్ దగ్గర ఆగిపోయింది. ఒకటి 127.6, ఇంకొకటి 126.9. "భారం ప్రకారం అయోడిన్ ముందు రావాలి సార్. కానీ ఇది క్లోరిన్, బ్రోమిన్ వరసలోది కదా?"

మెండలీఫ్‌కీ ఇదే చిక్కు. గుణాన్నే నమ్మి అయోడిన్‌ను టెల్లూరియం తర్వాత పెట్టి, టెల్లూరియం భారం తప్పుగా కొలిచారనుకున్నాడు. కొలతలో తప్పేం లేదు. వరసను నిర్ణయించేది పరమాణు కేంద్రకంలోని విద్యుదావేశమని (అంటే ప్రోటాన్ల సంఖ్య) 1913లో మోస్లే ఎక్స్-కిరణాలతో చూపించాక టెల్లూరియం 52, అయోడిన్ 53 అని తేలింది.

ఆ నంబర్లు నేను ముక్కల మీద రాయలేదు. నేను జవాబు చెప్పేలోపే ఆ అమ్మాయి అయోడిన్‌ను తీసి బ్రోమిన్ కింద పెట్టేసింది.