గోదాట్లో వేసిన రూపాయి

రాజమండ్రి దాటి రైలు గోదారి వంతెన ఎక్కగానే చేతులు జేబులు తడుముకుంటాయి. గోదారమ్మకు దణ్ణం పెట్టి ఓ రూపాయి బిళ్ల కిటికీలోంచి వదులుతారు. ఆ బిళ్ల నీళ్లలో ఎక్కడ పడుతుంది? ప్రక్షేపకాల (విసిరిన వస్తువుల) లెక్కలంటే టెన్షన్ పడే ఇంటర్ పిల్లలకు ఇంతకన్నా మంచి లెక్క నాకు తెలీదు.

వదిలిన చోటికి సరిగ్గా కిందే పడుతుందని చాలామంది అంటారు. పడదు. రైలు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతోందంటే సెకనుకు 10 మీటర్లు. చెయ్యి వదిలినా బిళ్లకు ఆ వేగం పోదు. అందుకే లెక్కను రెండుగా విడదీయాలి. ముందుకు వేగం మారదు. కిందికి మాత్రం గురుత్వం వల్ల సెకను సెకనుకూ 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది, మనం 10 అనుకుందాం. రెండింటికీ ఉమ్మడిగా ఉండేది కాలం ఒక్కటే. 1638లో అచ్చయిన పుస్తకంలో గెలీలియో పరావలయాన్ని, అంటే విసిరిన వస్తువు గీసే వంపు దారిని, రాబట్టింది ఇలా విడదీసే.

నీళ్లు 20 మీటర్ల కింద ఉన్నాయనుకోండి. పడిన దూరమంటే 10లో సగం, అంటే 5 ఇంటూ కాలం వర్గం, కాబట్టి 2 సెకన్లు. ఈలోగా బిళ్ల 20 మీటర్లు ముందుకెళ్లింది. గట్టు మీదివాళ్లకు అది వంపు తిరిగి పడుతుంది, కిటికీలోవాళ్లకు నిట్టనిలువుగా.

ఇప్పుడు బిళ్లను సెకనుకు 5 మీటర్ల వేగంతో పైకి ఎగరేద్దాం. ఎంత దూరంలో పడుతుందో చెప్పే, కోచింగ్‌లో బట్టీపట్టిన వ్యాప్తి సూత్రం ఇక్కడ పనికిరాదు. అది విసిరిన ఎత్తులోనే పడే వస్తువులకు. కింది దిక్కును ప్లస్ అనుకుంటే 5 మైనస్ అవుతుంది. సగం మార్కులు పోయేది ఈ గుర్తు దగ్గరే. అప్పుడు 20 అంటే 5 ఇంటూ కాలం వర్గంలోంచి 5 ఇంటూ కాలం తీసేసినంత. ఈ సమీకరణం సాధిస్తే కాలానికి రెండు జవాబులు: 2.56 సెకన్లు, మైనస్ 1.56. రెండోదాన్ని కొట్టేస్తాం గానీ దానికీ అర్థముంది: బిళ్ల నీళ్ల దగ్గరే బయల్దేరి ఇదే దారిలో పైకొచ్చి ఉంటే, చేతి దాకా రావడానికి అంతసేపు పట్టేది. ఇక శిఖరం దగ్గర వేగం సున్నా అని రాసేవాళ్లు కోకొల్లలు. అక్కడ సున్నా అయ్యేది నిలువు వేగమే, ముందుకు 10 అలాగే ఉంటుంది.

ఇదంతా గాలిని పక్కనపెట్టిన లెక్క. బరువైన బిళ్లకు అది సరిపోతుంది. బంతిపువ్వు వేస్తే మాత్రం ఎదురుగాలి దాని వేగాన్ని గబుక్కున లాగేస్తుంది, వెనక బోగీవాళ్ల ఒళ్లో పడినా ఆశ్చర్యం లేదు.