ఫ్లాపీ మర్చిపోతే వచ్చే ఆ మెసేజ్ ఎక్కడిది?

సిస్టమ్ ఆన్ చేయగానే నల్ల తెర మీద ‘నాన్-సిస్టమ్ డిస్క్ ఆర్ డిస్క్ ఎర్రర్’ అని కనబడితే, హార్డ్ డిస్క్ పోయిందిరా బాబూ అని టెన్షన్ పడినవాళ్ళు చాలామందే ఉంటారు. తీరా చూస్తే ఎ డ్రైవ్‌లో ఎవరో ఫ్లాపీ (అప్పట్లో ఫైళ్ళు దాచుకునే, బయటికి తీయగలిగే డిస్క్) వదిలేసి ఉండేవారు. అది తీసి ఏదో ఒక కీ నొక్కితే మళ్ళీ మామూలే.

ఈ గొడవకి మూలం 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ. దాంట్లో హార్డ్ డిస్క్ లేదు. కరెంటు అందగానే లోపలి ఇంటెల్ 8088 చిప్, తను చేరగల 1 ఎంబీ మెమరీ చివరికి సరిగ్గా 16 బైట్లు ముందున్న చోట మొదటి ఆదేశం కోసం చూస్తుంది, అక్కడ రోమ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) బయాస్ అనే ప్రోగ్రామ్ కాచుకుని ఉంటుంది. అది మెమరీ, కీబోర్డు వగైరా పరీక్షించి, అన్నీ బాగుంటే ఒక్క బీప్ కొట్టి, ఫ్లాపీలో మొదటి సెక్టర్‌ని, అంటే 512 బైట్లని, మెమరీలోకి తెచ్చి పగ్గాలు దానికి అప్పగించేస్తుంది. ఫ్లాపీయే లేకపోతే రోమ్‌లో ఉన్న బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలవుతుంది.

బయాస్‌కి డాస్ (అప్పటి పీసీల ఆపరేటింగ్ సిస్టమ్) అంటే ఏంటో తెలీదు, ఫైళ్ళంటే అసలే తెలీదు. మిగతా పనంతా ఆ 512 బైట్లదే. డైరెక్టరీలో, అంటే ఫ్లాపీలోని ఫైళ్ళ జాబితాలో, మొదటి రెండు పేర్లు డాస్ ఫైళ్ళయిన ఐబీఎంబయో, ఐబీఎండాస్ అవునా కాదా చూసి, అయితే వాటిని ఎక్కిస్తుంది. వెతికే తీరిక, చోటు రెండూ లేవు కాబట్టి అవి మొదట్లోనే ఉండాలి, అందుకే ఫైళ్ళు ఊరికే కాపీ చేస్తే డిస్క్ బూట్ అయ్యేది కాదు (దాంతో సిస్టమ్ మొదలయ్యేది కాదు), వాటిని సరైన చోట పెట్టే సిస్ కమాండ్ వాడాల్సి వచ్చేది. తర్వాత మనం టైప్ చేసే ఆదేశాలు అందుకునే కమాండ్.కామ్ వచ్చి తేదీ, టైమ్ అడిగేది (పాపం, ఆ పీసీలో బ్యాటరీ గడియారం లేదు), అప్పుడు మన ఆదేశం కోసం ఎదురుచూసే ఎ ప్రాంప్ట్.

ఆ పేర్లు కనబడకపోతే? అదే ఆ మెసేజ్. డాస్‌లో ఫార్మాట్ చేసిన ప్రతి ఫ్లాపీలోనూ, డాస్ ఉన్నా లేకపోయినా, ఈ చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. అంటే మనల్ని కంగారు పెట్టింది కంప్యూటర్ కాదు, ఆ ఫ్లాపీయే.

1983లో ఐబీఎం తర్వాతి మోడల్ ఎక్స్‌టీతో 10 ఎంబీ హార్డ్ డిస్క్ వచ్చింది. ఎ, బి ఫ్లాపీలవి కాబట్టి దానికి సి దక్కింది. బయాస్ మాత్రం ముందు ఫ్లాపీనే చూసేది. లాహోర్‌లో పుట్టిన బ్రెయిన్ వైరస్ 1986లో దూరింది సరిగ్గా ఆ మొదటి సెక్టర్‌లోకే. అలాంటి ఫ్లాపీ మర్చిపోయి సిస్టమ్ ఆన్ చేస్తే, మీరు మెసేజ్ చదివేలోపే వైరస్ మెమరీలో కూర్చునేది. తర్వాత్తర్వాత బయాస్ సెటప్‌లో ముందు సి, ఆ తర్వాత ఎ అని మార్చుకునే వీలొచ్చాక కాస్త ఊపిరి పీల్చుకున్నాం.