తిరగలి విసిరే చేయి

చిరంజీవులు బుజ్జికీ, చిన్నాకూ తాతయ్య ఆశీస్సులు.

పియానో వాయిస్తూ పాడే అమెరికా సంగీతకారుడు మోస్ ఆలిసన్ ఆల్బములన్నీ ఒకచోట చేర్చుకుని, ఈ వేసవిలో మొదటి నుంచి వరుసగా వింటున్నాను. మొన్న ఫోనులో ఆయన పాట ఒకటి చెవిన పడి, "రెండు చేతులూ రెండు వేర్వేరు పనులు చేస్తుంటే ఆయన నోటితో ఎలా పాడుతున్నాడు తాతయ్యా?" అని బుజ్జి అడిగింది. ఆ పూట జవాబు తోచలేదు.

మా నాయనమ్మ తిరగలిలో కందులు విసిరేటప్పుడు కుడిచేత్తో పిడి తిప్పుతూ, ఎడమచేత్తో గింజలు పోస్తూ, నోటితో పాట అందుకునేది. తిప్పే చేయి దాని దారిన అది తిరుగుతూ ఉంటే, పోసే చేతికీ గొంతుకీ స్వేచ్ఛ చిక్కుతుంది. ఆలిసన్ చేతులు తారుమారు, అంతే: ఎడమచేయి తిప్పుతుంది, కుడిచేయి స్వరాలు పోస్తుంది. ఆయన పాడే బ్లూస్ అనే అమెరికా నల్లజాతి వారి పాటకు సాధారణంగా ఒక చుట్టుకు 12 కొలతలు, కొలతకు నాలుగు దెబ్బలు. మొదటి నాలుగు కొలతల్లో చెప్పిన మాటనే తర్వాతి నాలుగింటిలో మళ్ళీ చెప్పి, చివరి నాలుగింటిలో దానికి జవాబిస్తారు. ఆ తర్వాత రాయి మళ్ళీ మొదటికి వస్తుంది. ఒకసారి నేను గింజలు పోస్తానని మారాం చేసి, తొందరలో గుప్పెడు కుమ్మరిస్తే అవి నలగకుండానే బయటపడ్డాయి. నాయనమ్మ పాట ఆపకుండానే నా చేతి మీద ఒక్కటి వేసింది. ఆలిసన్‌కు ఆ దుడుకు లేదు; మీరు లెక్కలు చేసేటప్పుడు కూడా అది ఉండకూడదు.

ఆయన 1927లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, టిప్పో అనే పల్లె దగ్గర పుట్టాడు. చుట్టూ పత్తి చేలు. అటువంటి చేలలో చెమటోడ్చిన నల్లజాతి కూలీల గొంతుల్లోంచి వచ్చిన బ్లూస్‌ను, తెల్లవాడైన ఈ పిల్లవాడు నాణెం వేస్తే పాట వినిపించే జూక్‌బాక్సు పెట్టెలో విని ఒంటబట్టించుకున్నాడు. 1957 నాటి తొలి ఆల్బములో సొంత సీమను తలచుకుంటూ పది చిన్న రచనలను దండగా గుచ్చి, వాటిలో ఒక్కదానిలోనే నోరు విప్పాడు. మిగతా రచనల్లో రైలునూ, వెచ్చని రాత్రినీ, జనవరి నెలనూ వర్ణించే పని పియానోకే వదిలేశాడు. ఆ గొంతు కూడా పెద్దది కాదు, అరుగు మీద కూర్చుని కబురు చెప్పినట్టు ఉంటుంది.

తర్వాతి ఆల్బములకు వచ్చేసరికి నా తిరగలి పోలిక చెడిపోయింది. ఎడమచేయి తిప్పడం మానేసి తన కబుర్లు తాను చెబుతుంటే, గొంతు మాత్రం తొణకకుండా సాగిపోతుంది. అది ఎలా కుదిరిందో వివరించడం నా వల్ల కాదు, వింటూ నవ్వుకుంటున్నాను. 2016లో, 89 నిండిన నాలుగు రోజులకు ఆయన కన్నుమూశాడు.

ఈ పూట ఎడమచేత్తో బల్ల మీద నాలుగేసి దెబ్బలు ఆపకుండా వేస్తూ, కుడిచేత్తో మరో వరుస వాయిస్తూ, వచ్చిన పాట ఏదైనా పాడి చూడండి. ఏ మాట దగ్గర చేయి తప్పిందో నాకు రాయండి.

మీ తాతయ్య