డోర్ట్ సభ ముందున్న ప్రశ్న: విశ్వాసం ఏర్పాటుకు కారణమా, ఫలమా?

పదహారో శతాబ్దపు సంఘ సంస్కర్త కాల్విన్ బోధ అనగానే మనలో చాలామందికి తలరాత గుర్తుకొస్తుంది. ఎవరు రక్షణ పొందాలో, ఎవరు నశించాలో దేవుడు ముందే రాసిపెట్టాడు కనుక మనిషి చేయగలిగిందేమీ లేదన్నదే ఆ బోధ సారమని అనుకుంటారు. కాల్వినిజం ఐదు అంశాలంటూ ప్రచారంలో ఉన్న జాబితా ఈ అపోహను మరింత పెంచింది. నిజానికి ఆ అంశాలను అలా వరుసగా కూర్చింది కాల్విన్ కాదు. ఆయన 1564లో మరణించాక అర్ధశతాబ్దం దాటిన తర్వాత, నెదర్లాండ్స్‌లో తలెత్తిన ఐదు అభ్యంతరాలకు డోర్ట్ సభ, అంటే డోర్ట్రెక్ట్ పట్టణంలో కూడిన సంఘ ప్రతినిధుల సభ, ఇచ్చిన జవాబులవి. దాని ముందున్న అసలు ప్రశ్న ఇది: ఏర్పాటుకు, అంటే రక్షణ కోసం దేవుడు కొందరిని ఎన్నుకోవడానికి, వారి విశ్వాసం కారణమా, ఫలమా? అభ్యంతరం ఏమిటో తెలియకుండా జవాబు మాత్రమే చదివితే అది కఠినంగా వినిపించక తప్పదు.

వివాదపు వేళ్లు ఐదో శతాబ్దంలో ఉన్నాయి. ఆజ్ఞను నెరవేర్చే శక్తి మనిషి స్వభావంలోనే ఉందని పెలాగియస్ అనే బోధకుడు చెప్పాడు. పాపం మనిషి చిత్తాన్నే చెరపట్టిందని, కృప వచ్చి విడిపిస్తే తప్ప అది దేవునివైపు తిరగదని ఉత్తర ఆఫ్రికాకు చెందిన అగస్టీను వాదించాడు. 418లో కార్తేజి సభ పెలాగియస్ బోధను ఖండించింది. 529లో ఆరెంజ్ సభ విశ్వాసపు తొలి కదలిక కూడా కృపవల్లనేనని ప్రకటిస్తూనే, దేవుడు ఎవరినైనా కీడు కోసం నియమించాడనే మాటను తోసిపుచ్చింది. వెయ్యేళ్ల తర్వాత 1524లో పండితుడు ఎరాస్మస్ స్వేచ్ఛాచిత్తాన్ని సమర్థించగా, మరుసటి ఏడే సంస్కర్త లూథర్ ఆ చిత్తం బానిస అని ప్రత్యుత్తరం రాశాడు. కనుక ఈ బోధను కాల్విన్ కొత్తగా కనిపెట్టాడనడం సరికాదు.

కాల్విన్ తన ప్రధాన గ్రంథపు 1559 నాటి చివరి కూర్పులో పూర్వనిర్ణయాన్ని, అంటే ఎవరు రక్షణ పొందాలో దేవుడు ముందే నిర్ణయించాడన్న బోధను, ఎక్కడ చర్చించాడన్నది గమనించదగిన విషయం. విశ్వాసం, నీతిమంతులుగా తీర్చబడటం, ప్రార్థన అన్నిటినీ వివరించాకే, మూడో భాగం చివరలో ఆ అంశాన్ని చేపట్టాడు. నమ్మినవాడు వెనుదిరిగి చూసుకున్నప్పుడు తన నమ్మకం కూడా తనది కాదని, దేవుని వరమని గ్రహించి కృతజ్ఞుడు కావాలన్నదే అక్కడి ధ్యేయంగా నాకు తోస్తుంది. అయినా దేవుని నిర్ణయం భయం గొలిపేదేనని ఆయన దాచకుండా ఒప్పుకున్నాడు. జెనీవాలో ఆయన వారసుడైన బేజా మాత్రం తన పట్టికలో దేవుని నిత్యసంకల్పాన్నే తలమీద పెట్టి, తక్కినవన్నీ దాని నుంచి దిగివచ్చేట్టు చూపాడు.

ఆ బేజా దగ్గర చదువుకున్న డచ్ పండితుడే జేకబ్ ఆర్మీనియస్. 1603లో లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాక, సహాచార్యుడు గోమారస్‌తో ఆయనకు తీవ్రమైన వాదం నడిచింది. ఎవరు విశ్వసిస్తారో దేవుడు ముందుగా ఎరిగి వారిని ఏర్పరచుకున్నాడని ఆర్మీనియస్ అన్నాడు. ఏర్పరచుకున్నందువల్లనే వారు విశ్వసిస్తారని గోమారస్ అన్నాడు. ఆర్మీనియస్ 1609లో మరణించగా, 1610లో నలభైమందికి పైగా బోధకులు ఐదు అధికరణాల విజ్ఞాపన సమర్పించారు. అందులో మూడో అధికరణం చదివినవారు ఆశ్చర్యపోతారు: మనిషి తన స్వేచ్ఛాచిత్తంతో తనంతట తాను రక్షక విశ్వాసానికి రాలేడని అది స్పష్టంగా ఒప్పుకుంటుంది. వారిని పెలాగియస్ శిష్యులుగా చిత్రించడం న్యాయం కాదు. అసలు భేదం నాలుగో అధికరణంలో ఉంది. ఆ కృపను మనిషి చివరిదాకా ఎదిరించి నిలవగలడా? వారు గలడన్నారు.

ఇంతలో ఈ చర్చ రాజకీయాల్లో చిక్కుకుంది. విజ్ఞాపనదారులకు అండగా నిలిచిన హాలండ్ నాయకుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్‌ను, సైన్యాధిపతి మారిస్ 1618 ఆగస్టులో బంధింపజేశాడు. నవంబరులో డోర్ట్రెక్ట్ పట్టణంలో సభ మొదలైంది. ఇంగ్లండు, స్విట్జర్లాండు, జర్మన్ రాజ్యాల ప్రతినిధులు వచ్చారు. ఫ్రెంచి సంఘాల ప్రతినిధులను వారి రాజు రానివ్వలేదు. విజ్ఞాపనదారులను జనవరిలో సభ నుంచి వెళ్లగొట్టి, వారి రచనలను బట్టి తీర్పు చెప్పారు. 1619 మే 13న ఓల్డెన్‌బార్నెవెల్ట్ తల నరికారు. ఆయన మీద మోపిన నేరం రాజద్రోహమే అయినా, రెండు వందలమంది వరకు బోధకులు పదవులు పోగొట్టుకున్న ఆ కాలాన్ని కృపను గురించిన సిద్ధాంతం మీద పడిన మచ్చగా అంగీకరించడమే నిజాయితీ.

అయితే సభ తీర్మానాలను విడిగా, నిదానంగా చదవాలి. క్రీస్తు మరణం లోకమంతటి పాపాలకు చాలినదని రెండో అధ్యాయం చెబుతుంది. దాని ఫలం ఏర్పరచబడినవారికే దక్కాలన్నది దేవుని ఉద్దేశమని ఆ తర్వాతే చేరుస్తుంది. విజ్ఞాపనదారుల మూడో అధికరణాన్ని ఒంటరిగా తప్పుపట్టలేక, మూడు నాలుగు అంశాలను కలిపి ఒకే అధ్యాయంగా రాశారు. కృప మనుషులను మొద్దులుగానో రాళ్లుగానో చూడదని, చిత్తాన్ని తుడిచివేయదని, దాన్ని బ్రతికించి, స్వస్థపరచి, మృదువుగానూ బలంగానూ వంచుతుందని అక్కడే ఉంది. పసితనంలో బిడ్డలను కోల్పోయిన భక్తిగల తల్లిదండ్రులు ఆ బిడ్డల రక్షణను సందేహించరాదని మొదటి అధ్యాయంలో ఒక అధికరణం ఉంది. తలరాత భాషలో అటువంటి ఓదార్పు పట్టదు. ఏర్పాటు విశ్వాసానికి ఊట అయినట్టే తిరస్కారం, అంటే దేవుడు కొందరిని ఎన్నుకోకుండా విడిచిపెట్టడం, అవిశ్వాసానికి కారణమవుతుందనే అభిప్రాయాన్ని ముగింపు మాట నిరాకరిస్తుంది.

అన్నీ నిర్ణయమై ఉంటే బాధ్యత ఎలా నిలుస్తుందన్న ప్రశ్న అంతటితో ఆగలేదు. 1754లో అమెరికాలో బోధకుడు జొనాథన్ ఎడ్వర్డ్స్ ఒక తేడా చూపాడు: కాళ్లు లేనందువల్ల నడవలేకపోవడం వేరు, ఇష్టం లేనందువల్ల నడవకపోవడం వేరు, పాపి అశక్తత రెండో రకానిది కనుక నేరం అతనిదే. ఆ ఇష్టాన్ని మనిషే పుట్టించుకోలేనప్పుడు నింద అతని మీద ఎలా నిలుస్తుందని ప్రత్యర్థులు అడిగారు, నేటికీ అడుగుతున్నారు.

ఈ తేడాయే తెలుగు నేలకు దారితీసింది. ఏర్పాటును నమ్మే ఇంగ్లండు బాప్టిస్టుల్లో కొందరు, మారుమనస్సు లేనివారిని విశ్వసించమని పిలవడమే తప్పనుకునేవారు. ఎడ్వర్డ్స్ ప్రభావంతో బాప్టిస్టు బోధకుడు ఆండ్రూ ఫుల్లర్ 1785లో ఆ వాదాన్ని ఖండించాడు. 1792లో కెటరింగ్‌లో మిషనరీ సంఘాన్ని స్థాపించినవారిలో ఫుల్లర్, విలియం కేరీ ఉన్నారు. కేరీ బృందం 1818లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు కొత్త నిబంధనను అచ్చువేసింది. ఆ తర్వాత, ఆర్మీనియస్ బాటను అనుసరించిన జాన్ వెస్లీ సంప్రదాయపు మిషనరీలు హైదరాబాదు, మెదక్ ప్రాంతాల్లో పనిచేశారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వెస్లీ మెథడిస్టులు, కాల్విన్ వారసులైన ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ సంఘాలవారు, ఆంగ్లికన్లు ఒకే సంఘంగా చేరారు. డోర్ట్‌లో విడదీసిన ఆ ప్రశ్నకు జవాబును మాత్రం చేరికకు షరతుగా పెట్టలేదు.