హత్య కేసులో అప్పీలు: కుటుంబాలు నన్నడిగే అపోహలు, అసలు వాస్తవాలు

“సార్, మావాడికి లైఫ్ (యావజ్జీవ శిక్ష) పడింది. హైకోర్టుకెళ్తే సాక్షులందర్నీ మళ్లీ పిలుస్తారంట కదా?” శిక్ష పడిన ఇంటివాళ్లు వకీలునైన నా ముందు కూర్చోగానే అడిగే మాట ఇది.

పిలవరు. అరుదుగా అదనపు సాక్ష్యం తీసుకుంటారు గానీ, మామూలుగా అప్పీలంతా రికార్డు మీదే నడుస్తుంది. ఇద్దరు జడ్జిల బెంచ్ సాక్ష్యం మొత్తాన్ని మొదటినుంచీ తూకం వేస్తుంది. అందుకే నేను ముందుగా తీసేది, కేసు కట్టగానే పోలీసులు మేజిస్ట్రేట్‌కు పంపే కాపీ, అంటే ఎక్స్‌ప్రెస్ ఎఫ్‌ఐఆర్. దాని మీద మేజిస్ట్రేట్ తనకు అందిన టైము రాసి సంతకం పెడతారు. ఫిర్యాదు రాత్రి 9కి ఇచ్చారని ఉండి, ఆ కాగితం మర్నాడు మధ్యాహ్నం 3కి చేరితే, మధ్యలో ఏం జరిగింది? ఆ ఒక్క ఆలస్యానికే కేసు పోదు. కానీ పోలీసులు సరైన కారణం చెప్పలేకపోతే, పేర్లు తర్వాత ఆలోచించి చేర్చారన్న వాదనకు బలం వస్తుంది.

తర్వాత కత్తి దొరికిన పంచనామా. పోలీసుల ముందు “నేనే చంపాను” అన్నాడన్నది సాక్ష్యం కాదు, వస్తువు దొరకడానికి దారితీసిన ముక్క మాత్రమే చెల్లుతుంది. కళ్లారా చూసినవాళ్లు లేని కేసైతే 1984 నాటి శరద్ బిర్ధిచంద్ శార్దా తీర్పు ప్రకారం పరిస్థితులన్నీ గొలుసులా కలవాలి. ఒక్క లింకు తెగినా శిక్ష నిలబడకూడదు.

అపోహ: అప్పీలు వేస్తే ఉరి వేస్తారేమో.
వాస్తవం: ఈ భయంతో ఆగిపోయినవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ముద్దాయి వేసిన అప్పీలులో శిక్ష పెంచే వీలు లేదు. పెంచాలంటే ప్రభుత్వం విడిగా అప్పీలు చేయాలి, అప్పుడు కూడా కోర్టు ముద్దాయి మాట వినాలి.

అపోహ: లైఫ్ పడితే బెయిల్ రాదు.
వాస్తవం: క్రిమినల్ కేసులు నడిపే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 430వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీలో 389) కింద శిక్ష నిలిపివేసి బెయిల్ ఇవ్వమని అడగొచ్చు. అప్పీలు తేలకుండానే శిక్ష తర్వాత ఐదేళ్లు జైల్లో గడిపితే బెయిల్ అడగవచ్చని 2016లో ఉమ్మడి హైకోర్టు చెప్పింది. చిన్నపిల్లలపై అత్యాచారం చేసి చంపడం, డబ్బు కోసం హత్య వంటి కేసులకు మినహాయింపు ఉంది.

అపోహ: లైఫ్ అంటే 14 ఏళ్లు.
వాస్తవం: బతికినంత కాలం. హత్య కేసులో ప్రభుత్వం ముందుగా విడుదల చేయాలన్నా దాటాల్సిన కనీస గడువే ఆ 14 ఏళ్లు.

అపోహ: హైకోర్టులో శిక్ష కొట్టేశారంటే లొసుగులతో తప్పించుకున్నట్టే.
వాస్తవం: 2007లో విజయవాడ దగ్గరి హాస్టల్లో విద్యార్థిని హత్య జరిగింది. 2008లో ఒక యువకుణ్ణి పట్టుకున్నారు, 2010లో శిక్ష పడింది, 2017 మార్చిలో హైకోర్టు నిర్దోషిగా వదిలింది. అతను దోషి కాడని ఆ అమ్మాయి తల్లిదండ్రులే మొదటినుంచీ చెబుతూ వచ్చారు. ఎనిమిదేళ్ల జైలు జీవితాన్ని లొసుగు అని ఎలా అనగలం?

అపోహ: డబ్బు సమకూరాక చూద్దాం.
వాస్తవం: హైకోర్టుకు గడువు 60 రోజులు, ఉరిశిక్షైతే 30. దాటితే ఆలస్యానికి కారణం చెప్పుకుంటూ విడిగా పిటిషన్ వేయాలి. జడ్జిమెంటు కాపీ ముద్దాయికి ఉచితం. జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవల సంస్థ వకీలును పెడుతుంది, జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపొచ్చు. సొంత వకీలునే పెట్టుకుంటే, ఈ వారం ములాఖత్‌లోనే వకాలత్ (వకీలుకు అధికారమిచ్చే కాగితం) మీద సంతకం పెట్టించి, సూపరింటెండెంట్ చేత అటెస్ట్ చేయించి తెండి.