జార్జియా పల్లెల్లో నల్లజాతి టీనేజర్లు, మద్యం: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో శిక్షణ ముగించిన మన డాక్టర్లు చాలామంది వీసా నిబంధన వల్ల మూడేళ్లు వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లో పనిచేస్తారు. నేనూ అలాగే పిల్లల డాక్టరుగా జార్జియాలోని ఒక పల్లె ప్రాంతానికి వచ్చాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది నల్లజాతి పిల్లలే.

అపోహ: ఈ పిల్లలు మిగతావారి కంటే ఎక్కువ తాగుతారు.

వాస్తవం: ఈ మాట మన తెలుగువారి విందుల్లోనూ విన్నాను. నిజం ఇందుకు పూర్తిగా విరుద్ధం. మిషిగన్ విశ్వవిద్యాలయం 1975 నుంచి ఏటా జరుపుతున్న సర్వేలో, పన్నెండో తరగతి చదివే నల్లజాతి విద్యార్థుల్లో తాగేవారి శాతం తెల్లజాతి విద్యార్థుల కంటే దశాబ్దాలుగా తక్కువే. చర్చి, అమ్మమ్మల కట్టడి ఇందుకు కొంత కారణమని నా నమ్మకం. కానీ పెద్దయ్యాక తక్కువ తాగినా ఎక్కువ నష్టపోయేది వీరే. ఒకే తప్పుకు ఒకరికి మందలింపు, మరొకరికి పోలీసు కేసు. నాకు కోపం తెప్పించేది ఇదే.

అపోహ: పదకొండేళ్ల పిల్లల దగ్గర మద్యం మాట ఎత్తకూడదు.

వాస్తవం: ఎత్తవలసిన వయసు అదే. జార్జియా విశ్వవిద్యాలయంలో జీన్ బ్రాడీ, వెల్మా మక్‌బ్రైడ్ మర్రీల బృందం సరిగ్గా ఈ పల్లె కుటుంబాల కోసమే 'స్ట్రాంగ్ ఆఫ్రికన్ అమెరికన్ ఫ్యామిలీస్' కార్యక్రమాన్ని రూపొందించింది. ఏడు వారాలు, వారానికి ఒక సమావేశం. మొదటి గంట పెద్దలు, పిల్లలు వేర్వేరుగా కూర్చుంటారు. రెండో గంట అందరూ కలిసి. తాగుడు విషయంలో ఇంటి నియమాన్ని తేటగా చెప్పడం, పిల్లలు ఎక్కడ ఉన్నారో తెలుసుకుంటూ ఉండడం, ఒంటి రంగును చూసి ఎవరైనా చిన్నబుచ్చితే తట్టుకుని నిలబడడం నేర్పుతారు. హాజరైన కుటుంబాల్లో తాగుడు మొదలుపెట్టిన పిల్లలు తక్కువ.

నేను ఈ వయసు పిల్లలను ముందు స్నేహితుల గురించి అడుగుతాను: "మీ వాళ్లలో ఎవరైనా బీరు తాగారా?" తమ సంగతి ఆ తర్వాత వాళ్లే చెబుతారు. తల్లి గది బయట ఉండాలి, అంతే.

అపోహ: బీరుతో ఏమీ కాదు.

వాస్తవం: 355 మిల్లీలీటర్ల మామూలు బీరులోనూ, 44 మిల్లీలీటర్ల విస్కీలోనూ ఉండే ఆల్కహాలు ఒకటే, సుమారు 14 గ్రాములు.

అపోహ: ఇంట్లోనే కాస్త రుచి చూపిస్తే హద్దు తెలుస్తుంది.

వాస్తవం: ఆస్ట్రేలియాలో పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో దీనివల్ల మేలేమీ కనబడలేదు, హానే కనబడింది.

అపోహ: తాగని పిల్లలకు ప్రమాదం లేదు.

వాస్తవం: ఇక్కడ రాత్రిపూట బస్సు ఉండదు, ఎవరి కారు దొరికితే అది ఎక్కాలి. అందుకే టీనేజర్లను మేము అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, తాగినవారు నడిపిన బండి ఎక్కావా అని. ఎన్నడూ చుక్క ముట్టని ఒక అబ్బాయి "అవును, చాలాసార్లు" అన్నాడు. అమ్మమ్మను పిలవనా అని అడిగి, అతను సరేనన్నాకే ఆమెను లోపలికి పిలిచాను. ఏ వేళ ఫోను చేసినా ఒక్క ప్రశ్న వేయకుండా వచ్చి తీసుకెళతానని ఆమె అతని చేయి పట్టుకుని మాట ఇచ్చింది.