ఫ్రెంచ్ వెర్బ్స్ బట్టీ పట్టేవాళ్ళ కోసం: అపోహలు - వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో ఫ్రెంచ్ చెప్తుంటాను, చిన్న బ్యాచ్‌లే. ఎక్కువమంది కెనడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) కోసం టెఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష రాసేవాళ్ళు, కొద్దిమంది ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ కింద తీసుకున్న పిల్లలు. 2023లో కెనడా వాళ్ళు పీఆర్‌కి మనుషుల్ని ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి విడిగా డ్రాలు మొదలెట్టాక నాకు ఫోన్లు బాగా పెరిగాయి. మొదటి రోజు అందరూ అడిగేది ఒకటే, "మేడం, కాంజుగేషన్లు బట్టీ పట్టడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" నేను, నువ్వు, వాళ్ళు అని మనిషిని బట్టి వెర్బ్ మారే రూపాలే ఈ కాంజుగేషన్లు.

అపోహ: టేబుల్ అప్పజెప్తే వెర్బ్ వచ్చేసినట్టే

మొదట్లో నేను కూడా ఇలాగే చెప్పించాను, ఆ తప్పు నాదే. ఒకబ్బాయి ఉండేవాడు, బీఫార్మసీ అయింది, 'ఎత్ర్', అంటే ఉండటం, దాని టేబుల్ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు, ఝె స్వి, త్యు ఎ, ఇల్ ఎ, ను సొమ్, వు జెత్, ఇల్ సోఁ. సరే బాబూ, "మీరు గుంటూరు వాళ్ళా" అని ఫ్రెంచ్‌లో నన్ను అడుగు అన్నాను. పైకి చూస్తున్నాడు, పెదాలు కదుల్తున్నాయి, బల్ల కింద వేళ్ళు లెక్కపెడుతున్నాడు, ఐదో వేలు దగ్గర ఆగి అప్పుడు "వు జెత్" అన్నాడు. ఏడెనిమిదులు ఎంత అంటే ఏడొకట్ల ఏడు దగ్గర్నుంచి ఎక్కం మొదలెట్టినట్టన్నమాట. మాట్లాడేటప్పుడు ఎదుటివాడు అంతసేపు ఆగడు కదా.

వరసలో నేర్చుకుంటే వరసలోనే గుర్తొస్తుంది, అంతే. అందుకే ఇప్పుడు ఇంట్లో పాత శుభలేఖలు కత్తిరించి చీటీలు చేస్తాను. ఒక డబ్బాలో నేను, నువ్వు, మీరు, వాళ్ళు, ఇంకో డబ్బాలో వెర్బ్స్, రెండిట్లోంచి చెరొకటి తీసి వెంటనే ఒక పూర్తి వాక్యం చెప్పాలి. రోజుకి ఐదు వెర్బ్స్ చాలు, ఎక్కువ వద్దు.

అపోహ: ఒక్కో వెర్బ్‌కి లెక్కలేనన్ని రూపాలు

కాగితం మీద చూస్తే అలాగే భయమేస్తుంది. చెవితో వినండి. 'పార్లే', అంటే మాట్లాడటం, ప్రెజెంట్‌లో రాసేవి ఐదు స్పెల్లింగులు, వినపడేవి మూడే, పార్ల్, పార్లోఁ, పార్లే. నేను, నువ్వు, అతను, వాళ్ళు, నలుగురికీ ఒకటే 'పార్ల్'. వాళ్ళ దాంట్లో చివర ఈ, ఎన్, టీ అని మూడక్షరాలు రాస్తారు, ఒక్కటీ పలకరు. ఇక 'మనం' అనడానికి మాటల్లో 'ను' బదులు 'ఓఁ' వాడతారు, దానికి మళ్ళీ 'పార్ల్' అనే. అంటే మాట్లాడేటప్పుడు రెండు రూపాలతో రోజు గడిచిపోతుంది. రాతలో మాత్రం తప్పదు, అది విడిగా ప్రాక్టీస్ చేయండి, రెండూ ఒకేసారి మొదలెడితే రెండూ రావు.

కానీ చెవి మోసం చేసే చోటు ఒకటుంది. 'ఇల్ సోఁ' అంటే వాళ్ళు ఫలానా అని, 'ఇల్ జోఁ' అంటే వాళ్ళకి ఫలానాది ఉంది అని. ఆ జ తేనెటీగ చప్పుడులా ఉండాలి, మనవాళ్ళు దాన్ని స అనేస్తే "వాళ్ళకి ఇద్దరు పిల్లలు" కాస్తా "వాళ్ళు ఇద్దరు పిల్లలు" అయి కూర్చుంటుంది.

అపోహ: ఇర్రెగ్యులర్ వెర్బ్స్‌కి అంతు లేదు

డిక్షనరీలో వెర్బ్స్ నూటికి 90 దాకా 'పార్లే' దారిలోనే నడుస్తాయి. మొండివి తక్కువే, కాకపోతే రోజూ వాడేవి అవే, ఉండటం, వెళ్ళడం, చేయడం, రావడం. ఏ భాషలోనైనా బాగా అరిగిన మాటలే వంకర్లు పోతాయి, మన 'రా, వస్తాను, వచ్చాను, రాలేదు' చూడండి, బయటివాడికి ఇది ఒకే వెర్బ్ అంటే నమ్ముతాడా?

'మీరు' తో వచ్చే రూపం ప్రెజెంట్‌లో మామూలుగా 'ఏ' అనే శబ్దంతో అయిపోతుంది, అలా అవని ముఖ్యమైనవి మూడు, ఎత్ (ఉండటం), ఫెత్ (చేయడం), దిత్ (చెప్పడం). నేను నా ఓరల్ పరీక్షలో "వు ఫెత్" అనాల్సింది దర్జాగా "వు ఫెజే" అన్నాను, ఎగ్జామినర్ ఏమీ అనకుండా తలొంచుకుని కాగితం మీద గీత గీశారు. ఆ గీత ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

అపోహ: ఫ్యూచర్ టెన్స్ మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలి

అక్కర్లేదు. అసలు వెర్బ్‌కి 'అవ్వార్', అంటే కలిగి ఉండటం, దాని ప్రెజెంట్ తోకలు తగిలించడమే, ఝె పార్లరే, త్యు పార్లరా. పాత లాటిన్ మాటల్లో "మాట్లాడాల్సి ఉంది" లాంటి ప్రయోగం ఒకటుండేది, అదే అరిగి ఇలా అతుక్కుపోయింది. కొన్ని వెర్బ్స్‌కి మొదలు మారుతుంది, తోక ఎప్పుడూ మారదు.

అపోహ: ఇంగ్లీష్ బాగా వస్తేనే ఇవన్నీ ఎక్కుతాయి

ఇంగ్లీష్‌లో ప్రెజెంట్‌కి ఒక ఎస్ చేర్చి ఊరుకుంటారు. మనం పుట్టినప్పట్నుంచీ వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తారు అంటున్నాం, ఒక్క మనిషినే మీరు అని పిలిచి బహువచనం పెడుతున్నాం. త్యు (నువ్వు), వు (మీరు) గొడవ మీకు నేర్పక్కర్లేదు, అత్తగారిని నువ్వు అనరు కదా.

అపోహ: కదలిక ఉన్న వెర్బ్స్ అన్నిటికీ పాస్ట్‌లో 'ఎత్ర్' పెట్టాలి

పాస్ట్‌లో అసలు వెర్బ్ ముందు 'ఎత్ర్' గానీ 'అవ్వార్' గానీ తోడుగా వస్తుంది. ఏది పెట్టాలో తేల్చడానికి కోచింగుల్లో చెప్పే షార్ట్‌కట్ ఇది, దీంతో మార్కులు పోతాయి. నడవడం, పరిగెత్తడం, ఈదడం కదలికలే, అయినా 'అవ్వార్' తీసుకుంటాయి. ఇంకా తిప్పలు ఎక్కడంటే 'దెసాఁద్ర్' లాంటివి రెండూ తీసుకుంటాయి. పోయిన నెల దీని మీద గంటసేపు తల పట్టుకున్నాం. ఒకమ్మాయి రోజూ విజయవాడ నుంచి ట్రైన్‌లో వస్తుంది, ఆమెని అడిగాను, గుంటూరులో నువ్వేం చేశావు? "దిగాను మేడం." పెట్టెని? "దించాను." ఆ అంతే, దిగితే 'ఎత్ర్', దించితే 'అవ్వార్'. ఎక్కితే 'ఎత్ర్', ఎక్కిస్తే 'అవ్వార్'. 'ఝె స్వి దెసాఁద్యు' అంటే నేను దిగాను, 'ఝే దెసాఁద్యు లా వలీజ్' అంటే పెట్టె దించాను. వెనక బెంచీలో మన ఫార్మసీ అబ్బాయి, రెండోసారి చేరాడు లెండి, ఈసారి వేళ్ళు లెక్కపెట్టలేదు.